గుర్రం నోట్లో పంచాంగం

ప్రొద్దుటూరు అనగానే మా కడప జిల్లాలో ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది బంగారం. ఆ ఊరి బంగారు అంగళ్ళకు అంత పేరు. పాత రోజుల్లో నగ కొనాలన్నా, అమ్మాలన్నా ముందు గీటురాయి బయటికి వచ్చేది. నల్లని రాతి మీద నగతో ఒక గీత గీస్తారు. పక్కనే వన్నె తెలిసిన బంగారంతో మరొక గీత. రెండింటి మీదా ఆమ్లం చుక్క వేసి పోల్చి చూస్తారు. అమ్మేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా సరే, గీత మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పేస్తుంది.

సరే, బంగారానికి గీటురాయి ఉంది. మరి గుర్రానికో?

"ఈ రోజుల్లో గుర్రం ఎవరు కొంటారు, మాస్టారూ?" అంటారేమో! ఆటోరిక్షాలు రాకముందు మన పట్టణాల్లో జట్కాబండి తోలి బ్రతికిన కుటుంబాలు ఎన్నో ఉండేవి. అలాంటి ఇంట్లో గుర్రమే పొలం, గుర్రమే కొట్టు, గుర్రమే బ్యాంకు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు, దానికి తోడు కొంత అప్పు, అంతా ఒక్క జంతువు మీద పెట్టేవారు. ఆరేళ్ళదనుకొని కొన్న గుర్రం పదహారేళ్ళదైతే ఆ ఇంటి సంగతి ఏమిటి? బేరం జరిగినంతసేపూ అమ్మేవాడు మాట్లాడతాడు, కొనేవాడు మాట్లాడతాడు, మధ్యలో దళారీ ఇద్దరికంటే ఎక్కువగా మాట్లాడతాడు. గుర్రం మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. అయినా దాని వయసును, ఆరోగ్యాన్ని, పడిన కష్టాన్ని దాని శరీరం రాసిపెట్టుకునే ఉంటుంది. ఆ రాతను చదవడం ఒక విద్య. ఆ విద్య లేనివాడు ఎంత నష్టపోతాడో చరిత్రే చెబుతుంది.

తోకకు కూడా వెల కట్టిన రాజు

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో గండికోట ఉంది. ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా కోసుకుంటూ పారే చోట, లోయ అంచున కట్టిన కోట అది. విజయనగర ప్రభువుల కాలంలో పెమ్మసాని నాయకులు దానిని ఏలారు. అప్పటి నాయకులకు రాజు భూములు ఇచ్చేవాడు. దానికి బదులుగా వారు ఇంత కాల్బలం, ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు అని లెక్కప్రకారం సిద్ధంగా ఉంచాలి. కాబట్టి గుర్రం ధర రాజుకు ఎంత ముఖ్యమో, నాయకుడికీ అంతే ముఖ్యం.

యుద్ధానికి పనికివచ్చే మేలుజాతి గుర్రాలు చాలావరకు సముద్రం మీదుగా అరేబియా, పర్షియా దేశాల నుంచి వచ్చేవి. పర్షియా సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్ రేవు ఈ వ్యాపారానికి పెద్ద కేంద్రం. హంపీలోని మహానవమి దిబ్బ రాళ్ళ మీద గుర్రాలను నడిపించుకొని వస్తున్న విదేశీ వర్తకుల బొమ్మలను నేటికీ చూడవచ్చు.

1535 ప్రాంతంలో ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి విజయనగరంలో కొంతకాలం ఉన్నాడు. తాను చూసినవీ విన్నవీ రాసి పెట్టాడు. ఆ రాతలను రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషులోకి అనువదించి 1900లో ప్రచురించాడు. 1485లో సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయల గురించి నూనిజ్ చెప్పిన సంగతి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. వర్తకులు ఎలాగైనా గుర్రాలు తెచ్చేలా చేయాలని ఆ రాజు వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల చొప్పున కొనేవాడట. పర్దావు అంటే ఒక బంగారు నాణెం. దారిలో, సముద్రం మీద గుర్రం చచ్చిపోతే? దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, బ్రతికి ఉన్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట!

తరువాతి కాలపు రాజు గురించి నూనిజ్ ఇంకొక సంగతి రాశాడు. రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడు. వాటిలో హోర్ముజ్ గుర్రాలూ ఉండేవి, దేశవాళీవీ ఉండేవి. మేలైనవాటిని తన సాలలకు ఏరుకొని, మిగిలిన దేశవాళీ గుర్రాలను వెయ్యి పర్దావులకు అయిదు చొప్పున నాయకులకు అంటగట్టేవాడు. సెప్టెంబరు నెలలోగా వారు డబ్బు చెల్లించి తీరాలి. ఆ వచ్చిన డబ్బుతోనే పోర్చుగీసువారికి అరబ్బీ గుర్రాల వెల చెల్లించేవాడు. అంటే ఖజానా నుంచి పైసా కదలకుండా రాజుకు మంచి గుర్రాలు దక్కేవన్నమాట.

ఇప్పుడు చిన్న లెక్క వేయండి. వెయ్యికి మూడు అంటే ఒక్కొక్కటి సుమారు 333 పర్దావులు. వెయ్యికి అయిదు అంటే 200. రాజు ఏరగా మిగిలిన గుర్రానికే నాయకుడు 200 బంగారు నాణేలు ఇవ్వాలి. అటువంటివాడికి గుర్రపు నోరు తెరిచి చూడడం తెలియకపోతే ఎలా?

అమ్మినవారు అమ్మనిది ఏమిటి?

నూనిజ్ కంటే రెండు వందల ఏళ్ళకు ముందే, 13వ శతాబ్దం చివర దక్షిణ భారతానికి వచ్చిన మార్కో పోలో కూడా గుర్రాల గురించి రాశాడు. తమిళ తీరంలోని రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటున్నారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో చాలా కొద్ది మాత్రమే మిగులుతున్నాయనీ అన్నాడు. ఇక్కడివారు వాటికి మాంసంతో ఉడికించిన అన్నం పెడుతున్నారట. గుర్రాలకు వైద్యం చేసి లాడాలు కొట్టే పనివారు లేరట. పైగా వర్తకులు తమతో అలాంటి పనివారిని రానివ్వడం లేదట. ఎందుకు? గుర్రాలు త్వరగా చస్తేనే గదా మళ్ళీ అమ్ముడుపోయేది!

మార్కో పోలో చెప్పినదంతా అక్షరాలా నిజమని మనం నమ్మనక్కరలేదు. అశ్వశాస్త్రం మన దేశానికి కొత్తేమీ కాదు. శాలిహోత్రుడి పేరుతో సంస్కృతంలో గ్రంథాలు ఉన్నాయి. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' రాశాడు. కాని ఆ యాత్రికుడి మాటలో ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. గుర్రాన్ని అమ్మారు, గుర్రపు విద్యను అమ్మలేదు. ఆ విద్య లేనిచోట ఎన్ని గుర్రాలు కొన్నా చాలవు.

అన్నం గుర్రానికి ఎందుకు పడదో నేటి శాస్త్రం చెబుతుంది. ఆవు, ఎద్దు నెమరు వేస్తాయి. వాటి మొదటి పొట్ట ఒక పెద్ద పులియబెట్టే తొట్టి. గుర్రం నెమరు వేయదు. దాని జీర్ణాశయం శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్ల వరకు మాత్రమే పడుతుంది. గడ్డిలోని పీచును పులియబెట్టే పని వెనుకనున్న అంధనాళం, పెద్దపేగు చేస్తాయి. అందువల్ల గుర్రం రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేయడానికి తగినట్లుగా ఉన్నది. ఒక్కసారిగా పిండిపదార్థం ఎక్కువగా పెడితే చిన్నపేగు దానిని పూర్తిగా జీర్ణం చేసుకోలేదు. మిగిలినది అంధనాళంలోకి పోయి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. దానితో కడుపునొప్పి, డెక్కల లోపల వాపు వస్తాయి. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు. కాబట్టి మనకు అరగని తిండి ఒక పూట బాధ అయితే, గుర్రానికి అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటికి పనికివచ్చే గుర్రం

అరబ్బీ గుర్రం రాజుగారికి. మరి సామాన్యుడికి? అతనిది పొట్టి గుర్రం. దీనినే తట్టు అంటారు. గుర్రం ఎత్తును భుజాల మధ్యనున్న మూపు దగ్గర కొలుస్తారు. సుమారు 147 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్నవాటిని సాధారణంగా పొట్టి గుర్రాలుగా లెక్కిస్తారు. జట్కాలు లాగినవి, సంతకు మూటలు మోసినవి, పెళ్ళికొడుకును ఊరేగించినవి, వైద్యుణ్ణి పల్లెకు చేర్చినవి చాలావరకు ఇవే.

దక్కను పీఠభూమికి చెందిన ఇలాంటి గుర్రాలలో పేరుపొందినది భీంథడి. పూణే ప్రాంతంలో భీమానది లోయ దీని పుట్టినిల్లు. ఒకప్పుడు మరాఠా సైన్యాలు దీనినే నమ్ముకున్నాయి. నేటికీ అక్కడి సంచార గొర్రెల కాపరులు ఊరి నుంచి ఊరికి కదిలేటప్పుడు గుడారం, వంటపాత్రలు, నడవలేని గొర్రెపిల్లలు అన్నీ వీటి మీదే వేస్తారు. ఇల్లంతా గుర్రం వీపు మీదే అన్నమాట! ఇటీవలి సంవత్సరాలలో ఈ జాతికి జాతీయ జాబితాలో స్థానం లభించింది. మన మాచర్ల గొర్రె జాతి కూడా అదే విడతలో ఆ జాబితాకు ఎక్కింది.

ఇంటి గుర్రానికి వేగం కంటే రెండు గుణాలు ముఖ్యం. నడుము గట్టిగా ఉండాలి, స్వభావం సాధువుగా ఉండాలి. విచిత్రం ఏమిటంటే, మనిషి మొట్టమొదట గుర్రాన్ని మచ్చిక చేసినప్పుడు ఏరుకున్నది కూడా ఈ రెండు గుణాలనే! 2021లో ఒక అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం 273 పురాతన గుర్రాల ఎముకల నుంచి డి.ఎన్.ఏ. తీసి పరిశీలించింది. నేటి పెంపుడు గుర్రాలన్నింటికీ మూలం రష్యాలోని వోల్గా, డాన్ నదుల దిగువ మైదానాలనీ, సుమారు 4,200 ఏళ్ళ క్రితం అక్కడి నుంచి అవి వేగంగా నలుదిక్కులకూ వ్యాపించాయనీ తేలింది. ఆ గుర్రాలలో రెండు జన్యువుల దగ్గర మనిషి చేసిన ఎంపిక స్పష్టంగా కనిపించింది. ఒకటి వెన్ను బలానికి, మరొకటి బెదురు తగ్గి శాంతంగా ఉండడానికి సంబంధించినవని వారు భావిస్తున్నారు.

తట్టు చిన్నదైనా బండి ఎలా లాగుతుందో లెక్క చూద్దాం. గుర్రం గంటల తరబడి అలసిపోకుండా తన బరువులో సుమారు పదో వంతు బలంతో లాగగలదు. 250 కిలోల తట్టు అయితే 25 కిలోల బలం. బండి, మనుషులు కలిసి 350 కిలోలు అనుకుందాం. గట్టి చదును రోడ్డు మీద చక్రాలకు ఎదురయ్యే నిరోధం మొత్తం బరువులో నూటికి నాలుగు వంతులు అనుకుంటే, కావలసిన బలం 14 కిలోలే. గుర్రానికి ఇంకా కొంత బలం మిగిలే ఉంటుంది. అదే బండి పెన్న ఇసుకలో దిగిందనుకోండి. నిరోధం నూటికి ఇరవై వంతులకు పెరిగితే కావలసినది 70 కిలోల బలం! అందుకే ఇసుకలోనూ ఎగుడులోనూ బండివాడు "కొంచెం దిగి నడవండయ్యా" అని బ్రతిమాలేది. అది అతని బద్ధకం కాదు, భౌతికశాస్త్రం.

పళ్ళు వయసు ఎలా చెబుతాయి?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో తిరునాళ్ళప్పుడు ఎద్దులతో బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. మైకులో "పాలపళ్ళ విభాగం", "రెండు పళ్ళ విభాగం", "నాలుగు పళ్ళ విభాగం" అని ప్రకటిస్తుంటారు గదా! ఎద్దుకు పుట్టినరోజు పత్రం ఉండదు కనుక పళ్ళతోనే వయసు కడతారు. ఎద్దుకు ముందుపళ్ళు కింది దవడకే, ఎనిమిది ఉంటాయి. పై దవడలో గట్టి చిగురే ఉంటుంది. గుర్రానికి అలా కాదు. పైన ఆరు, కింద ఆరు, మొత్తం 12 కుంతకాలు ఉంటాయి. మగ గుర్రానికి నాలుగు రదనికలు కూడా వస్తాయి. ఆడగుర్రానికి సాధారణంగా అవి ఉండవు. దవడపళ్ళు 24. అందువల్ల పూర్తిగా ఎదిగిన మగ గుర్రానికి 40 పళ్ళు, ఆడగుర్రానికి 36.

పాలపళ్ళ లెక్క సులభంగా గుర్తుంచుకోవచ్చు. పుట్టిన సుమారు 8 రోజులకు మధ్య జత, 8 వారాలకు దాని పక్క జత, 8 నెలలకు చివరి జత వస్తాయి. ఇవి చిన్నవిగా, తెల్లగా, మొదట్లో సన్నగా ఉంటాయి. తరువాత వాటి స్థానంలో శాశ్వత దంతాలు వస్తాయి. రెండున్నర ఏళ్ళకు మధ్య జత, మూడున్నరకు పక్క జత, నాలుగున్నరకు చివరి జత. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. కాబట్టి అయిదేళ్ళ లోపు గుర్రం వయసును దాదాపు తప్పులేకుండా చెప్పవచ్చు.

ఆ తరువాత? అప్పుడు అరుగుదలను చూడాలి. గుర్రపు పన్ను మన పన్ను వంటిది కాదు. చాలా పొడవైనది, ఎక్కువ భాగం దవడ ఎముకలో దాగి ఉంటుంది. గడ్డిలో ఇసుక వంటి సిలికా ఉంటుంది. దానిని నమిలి నమిలి పై భాగం ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు అరుగుతూ ఉంటే, లోపలి భాగం అంతే మేరకు పైకి జరుగుతూ ఉంటుంది. పెన్సిలు ములుకు అరిగినకొద్దీ ముందుకు తోసినట్లే!

కొత్త కుంతకం పైభాగాన ఒక గుంట ఉంటుంది. అందులో మేత చేరి నల్లగా కనిపిస్తుంది. పన్ను అరిగినకొద్దీ గుంట లోతు తగ్గి చివరకు మాయమవుతుంది. కింది దవడలో మధ్య జత గుంటలు సుమారు ఆరేళ్ళకు, పక్క జతవి ఏడేళ్ళకు, చివరి జతవి ఎనిమిదేళ్ళకు పోతాయి. పై దవడ చివరి పన్ను మీద నిలువుగా ఒక గాడి ఉంటుంది. అది సుమారు పదేళ్ళకు చిగురు దగ్గర కనిపిస్తుంది. పదిహేనేళ్ళకు పన్ను సగం వరకు, ఇరవై ఏళ్ళకు చివరి వరకు దిగుతుంది. ఆ తరువాత పైనుంచి మాయం కావడం మొదలుపెడుతుంది. పక్కనుంచి చూసినప్పుడు పడుచు గుర్రానికి పై పళ్ళు, కింది పళ్ళు దాదాపు నిలువుగా కలుస్తాయి. ముసలి గుర్రానికి అవి ముందుకు వాలి ఉంటాయి.

ఒక్క హెచ్చరిక. ఎనిమిదేళ్ళు దాటాక ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే. ఇసుక నేలలో మేసిన గుర్రానికి పళ్ళు త్వరగా అరుగుతాయి. మెత్తని మేత తిన్నదానికి నెమ్మదిగా అరుగుతాయి. ఒక్క గుర్తును బట్టి కాక అన్ని గుర్తులనూ కలిపి చూసి, "పన్నెండు నుంచి పదిహేను" అని చెప్పేవాడే నిజమైన నిపుణుడు. "సరిగ్గా పదమూడు" అని చెప్పేవాడిని అనుమానించండి.

నకిలీ గుంటలు

గుంట ఉంటే వయసు తక్కువ, ధర ఎక్కువ అని తెలిసినప్పుడు మోసగాడు ఊరుకుంటాడా? ముసలి గుర్రపు పన్నును పనిముట్టుతో తొలిచి, లోపల నల్లగా కాల్చి, గుంట ఉన్నట్లు చూపేవారు. ఇంగ్లండులో ఈ మోసానికి 'బిషపింగ్' అని పేరే ఉండేది. తలమీది నెరిసిన వెంట్రుకలకు రంగు వేయడం మరో ఉపాయం.

నకిలీ గుంటను ఎలా పట్టాలి? మీ జీవశాస్త్ర పాఠం గుర్తుకు తెచ్చుకోండి. పన్ను పైపొర పింగాణి. అది శరీరంలోకెల్లా గట్టి పదార్థం. సహజమైన గుంట అంచు చుట్టూ ఈ పింగాణి తెల్లని ఉంగరంలా కనిపిస్తుంది, వేలికి ఎత్తుగా తగులుతుంది. తొలిచిన గుంట చుట్టూ ఆ ఉంగరం ఉండదు. గుంటను తవ్వగలరు గాని పింగాణిని పుట్టించలేరు. మోసం చేసేవాడు ఒక గుర్తును మార్చగలడు. పన్ను వాలును, గాడి పొడవును, పింగాణి ఉంగరాన్ని అన్నింటినీ ఒకేసారి మార్చలేడు. ఒక సాక్ష్యాన్ని ఇంకొక సాక్ష్యంతో పోల్చి చూడడమంటే ఇదే. ప్రయోగశాలలో మీరు చేసేదీ ఇదే గదా!

సుడి చూడాలా, డెక్క చూడాలా?

గుర్రం కొనేటప్పుడు మన దేశంలో చాలామంది మొదట చూసేది సుడులను. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి మేలు, ఫలానా చోట ఉంటే యజమానికి కీడు అని నమ్మకం. ఈ నమ్మకం వల్ల ఏ లోపమూ లేని గుర్రం చవకగా పోతుంది, కుంటి గుర్రం ఎక్కువ ధరకు అమ్ముడుపోతుంది. సుడి అంటే ఏమిటి? చర్మంలో వెంట్రుకల కుదుళ్ళు ఒక బిందువు చుట్టూ తిరిగి ఒరిగి ఉండడం, అంతే. మీ తలలోనూ ఒక సుడి ఉంది. అది గుర్రం తల్లి కడుపులో ఉండగానే ఏర్పడుతుంది. యజమాని అప్పులతో దానికి ఏ సంబంధమూ లేదు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. మొదట డెక్క. గుర్రం ఒక్కొక్క కాలికి ఒక్క వేలి మీదనే నిలుస్తుంది, ఆ వేలి గోరే డెక్క. దానిలో చీలిక, దుర్వాసన, అసాధారణమైన వేడి ఉండకూడదు. తరువాత నడక. గట్టి నేల మీద తిన్నగా ఒకసారి, చిన్న వలయంలో రెండువైపులా ఒక్కొక్కసారి నడిపించి చూడాలి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి ఎత్తుతుంది. బాగున్న కాలు ఆనినప్పుడు తల దించుతుంది. తరువాత శ్వాస, నాడి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎదిగిన గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. గుండె 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పరుగెత్తించి ఆపాక ఈ లెక్కలు ఎంత త్వరగా మామూలుకు వస్తాయో గడియారం పెట్టి చూడవచ్చు.

నొప్పి తెలియకుండా మందు ఇచ్చి అమ్మేవారూ ఉంటారు. అందుకే తెలివైనవాడు గుర్రాన్ని ఒక్క రోజు చూసి కొనడు. చెప్పకుండా మరొక రోజు వెళ్ళి, గాడి నుంచి అప్పుడే బయటికి వస్తుండగా చూస్తాడు. పశువైద్యునితో రక్తపరీక్ష కూడా చేయించాలి. గ్లాండర్స్ అనే అంటువ్యాధి గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకుతుంది. పైకి బాగా కనిపించే గుర్రంలోనూ అది దాగి ఉండవచ్చు.

దాణా తప్పదు

"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన పెద్దలు అన్నారు. కొన్న వెల ఒక్కసారి ఇచ్చేది, మేత రోజూ పెట్టేది. గుర్రానికి రోజుకు దాని బరువులో సుమారు నూటికి రెండు వంతుల ఎండుమేత కావాలి. 250 కిలోల తట్టుకు 5 కిలోలు, 450 కిలోల పెద్ద గుర్రానికి 9 కిలోలు. ఏడాదికి తేడా 1,460 కిలోలు! చిన్న ఇంటికి చిన్న గుర్రమే ఎందుకు తగునో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

మా సీమలో పండే ఉలవలకు ఇంగ్లీషులో 'హార్స్ గ్రామ్' అని పేరు రావడానికి కారణం వాటిని గుర్రాలకు దాణాగా పెట్టడమే. కాని దాణా కొద్దిగా, గడ్డి ఎక్కువగా ఉండాలి. ఎండాకాలంలో ఇంకొకటి మరువరాదు. మనలాగే గుర్రం కూడా చెమట పోసి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. దాని చెమటలో ఉప్పు మన చెమటలోకంటే చాలా ఎక్కువ. కనుక కడప ఎండల్లో పనిచేసే గుర్రానికి నీళ్ళతో పాటు ఉప్పు కూడా పెట్టాలి.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో గుర్రాలు, తట్టులు కలిపి 3 లక్షల 40 వేలు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం తగ్గాయి. మోటారు వచ్చాక ఇది సహజమే. అయితే జంతువు తగ్గినంత వేగంగా దాని గురించిన తెలివి కూడా తగ్గిపోతే నష్టం. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ జంతువుల మీద పరిశోధనలు చేస్తున్నది. మన ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. జంతువులంటే ఇష్టమున్న విద్యార్థులు ఆ చదువు గురించి ఆలోచించవచ్చు.

ఇప్పుడు మీ వంతు

రెండు గుర్రాలు అమ్మకానికి వచ్చాయనుకోండి. మొదటిదాని కింది దవడలో మధ్య నాలుగు కుంతకాలు పెద్దవి, చివరి రెండూ చిన్నవి, తెల్లనివి. అమ్మేవాడు "ఆరేళ్ళది, ఎంత బరువైనా లాగుతుంది" అంటున్నాడు. రెండోదాని కింది కుంతకాలు వేటికీ గుంటలు లేవు, పై చివరి పన్ను మీద గాడి సగం వరకు దిగింది. యజమాని "ఏడేళ్ళది" అంటున్నాడు. ఎవరిది నిజం?

ఇద్దరిదీ కాదు. మొదటిదానికి చివరి పాలపళ్ళు ఇంకా ఊడలేదు. అంటే అది నాలుగేళ్ళ ప్రాంతంలోనిది. దాని వెన్నెముక ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ఇప్పుడే బరువు బండికి కడితే జీవితాంతం నడుము నొప్పితో బాధపడుతుంది. రెండోది పదిహేనేళ్ళ ప్రాంతంలోనిది. కావాలంటే తేలిక పనులకు మరికొన్ని ఏళ్ళు పనికి వస్తుంది, కాని ఏడేళ్ళ గుర్రం ధర ఇవ్వకూడదు.

ఈసారి తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి వెళ్ళినప్పుడు, ఎద్దుల యజమానిని అడిగి, ఆయన నోరు తెరిచి చూపిస్తుండగా పళ్ళు లెక్కపెట్టి చూడండి. మీ అంతట మీరు చెయ్యి మాత్రం పెట్టకండి! ఎద్దుకు రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు ఎప్పుడెప్పుడు వస్తాయో ఆయననే అడిగి నోటుబుక్కులో పట్టిక వేయండి. దాని పక్కనే గుర్రం పట్టిక రాయండి. రెండూ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ తేడా వస్తున్నదీ మీ తరగతిలో చర్చించండి.